ఆ ఇంట్లో మూడు మందులున్నాయి

ప్రశ్న: మాది గుంటూరుకు దగ్గర్లో ఒక పల్లె. మూడెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేస్తాం. మా ఆయనకి 43 ఏళ్లు, తాగుడు మొదలై పదేళ్లు దాటింది. రెండేళ్ల నుంచి పొద్దున లేవగానే చేతులు వణుకుతున్నాయి, కొంచెం పడితేగానీ పనిలోకి దిగలేడు. చేలో మందు కొట్టి వచ్చిన రోజు ఇంకా ఎక్కువ తాగుతాడు. రెండుసార్లు నామీద చెయ్యి చేసుకున్నాడు. గొడవైనప్పుడల్లా పురుగుమందు తాగి చస్తానంటాడు, ఆ డబ్బాలు మా మంచం కిందే ఉంటాయి. ఫోన్‌లో ఒక ప్రకటన చూశాను, మనిషికి తెలియకుండా మజ్జిగలో పొడి కలిపి ఇస్తే నెలలో తాగుడు మానేస్తారట. 3,500 రూపాయలు పెట్టి తెప్పించి దాచాను, ఇంకా వాడలేదు. మా అన్నయ్యేమో విజయవాడ అవతల ఒక డీ-అడిక్షన్ సెంటర్ ఉంది, ఫోన్ చేస్తే వాళ్లే బండేసుకుని వచ్చి ఎత్తుకుపోతారు, ఆరు నెలలు బయటికి వదలరు అంటున్నాడు. పాప ఇంటర్, బాబు తొమ్మిదో తరగతి. నన్ను ఏం చెయ్యమంటారు? అసలు ప్రభుత్వమే అమ్మనిచ్చి మళ్లీ తాగొద్దని బోర్డులు పెట్టడం ఏమిటి?

సమాధానం: అమ్మా, నువ్వు అనే రాస్తున్నాను, మా పెద్దమ్మాయి వయసు నీది. 32 ఏళ్లు ప్రభుత్వాసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను, ఇప్పుడు విజయవాడలో ఉంటున్నాను. డాక్టరు చెప్పాల్సింది డాక్టరే చెప్పాలి, నేను వార్డుల్లో చూసింది, నాకు గట్టిగా తెలిసింది చెప్తాను.

మన భాషలో మందు అంటే ఆయన తాగేదీ అదే, చేలో కొట్టేదీ అదే, రోగానికి వేసుకునేదీ అదే. నీ ఇంట్లో ఇప్పుడు మూడూ ఉన్నాయి. ఒకటి ఆయన ఒంట్లో ఉంది, ఒకటి నువ్వు దాచిన పొట్లంలో ఉంది. ఆ రెండిటి గురించీ వివరంగా అడిగావు. మూడోది మంచం కింద ఉందని ఒక్క ముక్క చెప్పి వదిలేశావు. నీ ఉత్తరం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ ముక్కే.

అందుకని ఇది పూర్తిగా చదవకపోయినా ఫర్వాలేదు, ముందు ఆ డబ్బాలు ఇంట్లోంచి తీయించు. ఈరోజే. ఊళ్లో ఎవరిదైనా షెడ్డో, మీ అన్నయ్య వాళ్ల కొట్టమో చూసి తాళం వేసే పెట్టెలో పెట్టించు, తాళంచెవి మాత్రం నీ దగ్గర వద్దు, తాగి ఉన్నప్పుడు నీ దగ్గర లాక్కోవడం ఎంతసేపు. పెట్టెను తడవకుండా, పిల్లలకీ పశువులకీ అందకుండా ఎత్తులో పెట్టమను. ఇకనుంచి ఆ పూట చేనుకి ఎంత కావాలో అంతే కొనండి. మిగిలింది కాలవలో పారబొయ్యొద్దు, ఖాళీ డబ్బాలు కడిగి నూనెకీ నీళ్లకీ వాడొద్దు. 2013లో బీహార్‌లో సారణ్ జిల్లాలో ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు, వంటనూనెలో కలిసింది మోనోక్రోటోఫాస్, మీ చేలల్లో మోనో అని పిలిచే మందే.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, క్యాజువాలిటీలో నేను చూసిన వాళ్లలో తెలివొచ్చాక "చావాలని కాదు సిస్టర్, కోపంలో చేతికి అందింది" అన్నవాళ్లే ఎక్కువ. తాగి ఉన్న మనిషికి ఆలోచన వచ్చిన దగ్గర్నుంచి చెయ్యి డబ్బా మీద పడేదాకా కొన్ని నిమిషాలే. ఆ కొన్ని నిమిషాలూ డబ్బా దూరంగా ఉంటే మనిషి నిద్రపోయి పొద్దున్నే లేస్తాడు. ఇది నా ఊహ కాదమ్మా, శ్రీలంక దేశం మొత్తం దీన్ని చేసి చూపించింది. అక్కడ 1995 నుంచి బాగా విషపూరితమైన పురుగుమందుల్ని ఒక్కొక్కటే నిషేధించుకుంటూ వచ్చారు, ఇరవై ఏళ్లలో ఆత్మహత్యల రేటు దాదాపు 70 శాతం తగ్గింది, పంటల దిగుబడులు మాత్రం పడిపోలేదు. మన కేంద్రం కూడా 2018లో 18 రకాల పురుగుమందుల నిషేధానికి ఉత్తర్వు ఇచ్చింది, అయితే మనకి ఆ పని ఇంకా చాలా ఉంది. ఢిల్లీలో అది ఎప్పుడు పూర్తవుతుందో నీకూ నాకూ చేతిలో లేదు, మీ మంచం కింద మాత్రం ఈ సాయంత్రమే పూర్తి చెయ్యొచ్చు.

చస్తానని ఆయన అన్నమాటని బెదిరింపు అని కొట్టిపారెయ్యకు. తాగని టైమ్ చూసి నేరుగా అడుగు, "నిజంగానే చచ్చిపోవాలనిపిస్తోందా" అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందని అందరికీ భయం, అలా పుట్టదు, అడిగినందుకు మనిషి కొంచెం తేలికపడతాడు. అవునంటే ఒంటరిగా వదలొద్దు, ఆసుపత్రికి తీసుకెళ్లు. అర్ధరాత్రైనా 14416కి ఫోన్ చేస్తే టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం వాళ్లు తెలుగులో మాట్లాడతారు, డబ్బులేం ఉండవు. నీకు దిక్కుతోచనప్పుడు నువ్వూ చెయ్యొచ్చు, అది ఆయన ఒక్కడి కోసమే కాదు.

ఇంకొకటి. చేలో మందు కొట్టి వచ్చిన రోజు ఎక్కువ తాగుతాడన్నావు. ఆయన్ని తిట్టే ముందు ఆ రోజు ఆయన ఒంట్లో ఏం జరిగి ఉంటుందో కూడా చూడాలి. 2021లో నల్ల తామర పురుగు మిరపను తినేసిన దగ్గర్నుంచి రైతులు కొట్టే మందులు ఎంత పెరిగాయో నీకే బాగా తెలుసు. ఆ మందుల్లో కొన్ని చర్మంలోంచి, ఊపిరిలోంచి ఒంట్లోకి దిగి నరాల మీద పనిచేస్తాయి, తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, ఒళ్లంతా చెమట, కళ్లు మసకలు, కండరాలు అదరడం ఉంటాయి. పని అలసట అనుకుని దానిమీద క్వార్టర్ వేస్తారు, ఇంట్లోవాళ్లు తాగిన మత్తు అనుకుంటారు, అసలు సంగతి ఎవరికీ పట్టదు. నిండు చేతుల చొక్కా, ముక్కుకీ నోటికీ అడ్డం, చేతులకి తొడుగులు ఉండాలి, గాలికి ఎదురుగా కొట్టకూడదు, ఇంటికి రాగానే సబ్బుతో స్నానం చెయ్యాలి, ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు. నోట్లోంచి చొంగ కారుతున్నా, ఊపిరి అందకపోయినా, కంటిపాప గుండుసూది మొనంత చిన్నదైపోయినా వెంటనే 108కి చెయ్యి, ఏ మందు కొట్టాడో ఆ డబ్బా కూడా ఆసుపత్రికి తీసుకెళ్లు. ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు తాగించి వాంతి చేయించొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోయి ఇంకా ప్రమాదమవుతుంది.

ఇప్పుడు నువ్వు దాచిన పొడి సంగతి. కలపొద్దమ్మా. అది ఉత్త పిండే అయితే నీ 3,500 పోతాయి, అంతటితో అయిపోతుంది. కాక దాంట్లో నిజంగా పనిచేసే మందే ఉంటే అసలు భయం అక్కడుంది. తాగుడు మాన్పించడానికి డాక్టర్లు ఇచ్చే మాత్రల్లో డైసల్ఫిరామ్ అని ఒకటుంది, అది ఒంట్లో ఉండగా సారా చుక్క పడితే అది సరిగ్గా అరగక విషం పోగై ముఖం ఎర్రబారడం, గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం జరుగుతుంది, గుండె జబ్బున్నవాళ్లకి ప్రాణమే పోవచ్చు. మాత్ర ఆపాక కూడా దాని ప్రభావం రెండు వారాల వరకూ ఉంటుంది. అందుకే రోగికి అన్నీ చెప్పి, ఒప్పించి, లివరూ గుండే చూసి ఇస్తారు. తన ఒంట్లో అది ఉందని తెలిసిన మనిషి గ్లాసు ముట్టకుండా ఉంటాడు, దాని పని అదే. తెలియనివాడు మామూలుగా బెల్టు షాపుకి వెళ్లి తాగుతాడు, పొలం గట్టున పడిపోతే ఎందుకు పడిపోయాడో డాక్టరుకి చెప్పేవాళ్లు కూడా ఉండరు. తర్వాత ఎప్పుడైనా నువ్వే కలిపావని తెలిస్తే నీ చేతి అన్నం కూడా అనుమానంగా చూస్తాడు, ఆపైన నిజమైన వైద్యానికి ఆయన్ని ఎలా ఒప్పిస్తావు?

ఆ పొడి లేకపోతే ఇంట్లో పెట్టి తలుపేసి ఒకేసారి మాన్పించేద్దామా అని నీకు అనిపించొచ్చు. నీ ఉత్తరంలో పొద్దున్నే చేతులు వణుకుతాయని ఉంది చూశావా, ఆ ఒక్క మాటతో ఈ దారి మూసుకుపోయింది. మా మేనమామది తెనాలి వైపు. 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం తెచ్చినప్పుడు మా అమ్మమ్మ వీధరుగు మీద కూర్చుని ఏడ్చేసింది, కొడుకు బతికాడని. నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, తోటి ఆడవాళ్లు సారా కొట్టు మూయించిన దగ్గర్నుంచీ ఆవిడ ఆ రోజు కోసం చూస్తోంది. సీసా దొరక్క మామయ్య తాగలేదు. రెండోరోజు సాయంత్రం ఫిట్స్ వచ్చాయి, మూడోరోజు గోడమీద చీమలు పాకుతున్నాయని అరుస్తూ వాటిని చేత్తో తుడిచేస్తున్నాడు, చనిపోయిన తాతయ్యతో మాట్లాడుతున్నాడు. గాలి సోకిందని ఊళ్లో వేపమండలు తెచ్చి కొట్టారు. నేను డ్యూటీ నుంచి అందుకునేసరికి ఒళ్లు కాలిపోతోంది. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న "చివరిసారి ఎప్పుడు తాగాడు" అని. మూడు రోజులుగా మా ఇంట్లో ఎవ్వరం ఆ ప్రశ్న వేసుకోలేదు, నర్సుని, ఫోన్‌లో విని నాకే తట్టలేదు. మామయ్య బతికాడు, ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు ఉన్నాడు.

రోజూ తాగే ఒంటికి సారా ఒక్కసారి ఆపేస్తే కొన్ని గంటల్లోనే వణుకు మొదలవుతుంది, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజుల మీద మతి చెదిరి లేనివి కనపడతాయి, వైద్యం లేకపోతే ప్రాణం పోవచ్చు. ఆసుపత్రిలో దీనికి మంచి మందులున్నాయి. కొన్ని రోజులపాటు మెల్లగా తగ్గిస్తూ మాత్రలిస్తారు, బీ1 విటమిన్ ఇంజెక్షన్లు చేస్తారు, సాధారణంగా వారం పదిరోజుల్లో ఆ గండం దాటుతుంది. అసలు వైద్యం ఆ తర్వాతే మొదలవుతుంది, మళ్లీ తాగాలనే ఆరాటాన్ని తగ్గించే మందులు, కౌన్సెలింగు, నెలనెలా వెళ్లిరావడం. మధ్యలో ఒకసారి జారి తాగితే అంతా పోయిందని అనుకోకు, బీపీ ఉన్నవాళ్లకి బీపీ పెరగట్లేదా, మళ్లీ తీసుకెళ్లాలి అంతే.

ఎక్కడికంటే, గుంటూరు జీజీహెచ్‌లో, అంటే పెద్ద ప్రభుత్వాసుపత్రిలో, సైకియాట్రీ ఓపీకి. మంగళగిరి ఎయిమ్స్‌లో కూడా ఆ విభాగం ఉంది. పిచ్చాసుపత్రికి తీసుకెళ్తున్నావా అని చుట్టాలు అంటారు, అననీ. వెళ్లేదాకా తాగుడు ఒక్కసారిగా ఆపించొద్దు, ఎప్పుడు, ఎంత, ఏ రకం తాగుతాడో, గతంలో ఫిట్స్ వచ్చాయో లేదో ఒక కాగితం మీద రాసుకెళ్లు, చేలో ఏ మందులు కొడతాడో అదీ రాయి. ముందుగా ఎవరితోనైనా మాట్లాడాలంటే 14446 ఉంది, మత్తు మానాలనుకునేవాళ్ల కోసం కేంద్రం పెట్టిన ఉచిత నంబరు. కోతలు అయ్యాక చూద్దాం అంటాడు, మిర్చి యార్డుకి వేశాక చూద్దాం అంటాడు. కోతలప్పుడు కూలీల డబ్బులు చేతిలో ఆడతాయి, తాగుడు పెరిగేదే అప్పుడు, అందుకని దానికి ముందే ఒక పదిరోజులు చూసుకోండి. ఆ పదిరోజులు చేను ఎవరు చూస్తారన్నది మీ అన్నయ్యతో మాట్లాడు. బండి పిలిపిస్తానన్న ఆయన ఈ సాయం కూడా చెయ్యగలడు.

ఆ బండి సంగతికొస్తే, మీ అన్నయ్య నీమీద ప్రేమతోనే చెప్పుంటాడు, కానీ వద్దు. 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది, మద్యానికి బానిసవడం కూడా దాని కిందికే వస్తుంది. ఎవర్నీ గొలుసులతో కట్టెయ్యకూడదని అందులో స్పష్టంగా ఉంది. మనిషి ఒప్పుకోకుండా చేర్చుకోవాలంటే అందుకు వైద్యుల పరీక్ష, కారణాలు, గడువు, పైన మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు పర్యవేక్షణ ఇవన్నీ ఉండాలి, ఫోన్ చేస్తే వచ్చి ఎత్తుకుపోవడం దాంట్లో లేదు. ఏ సెంటరైనా సరే, అడుగు: రిజిస్ట్రేషన్ కాగితం చూపిస్తారా, సైకియాట్రిస్టు రోజూ వస్తాడా, రాత్రి ఫిట్స్ వస్తే ఏం చేస్తారు, నేను వచ్చి మా ఆయన్ని చూడొచ్చా, ఫోన్‌లో మాట్లాడొచ్చా. ఆరు నెలలు కనపడనివ్వం అన్నవాళ్ల దగ్గర మనిషిని వదలకు. మంచి సెంటర్లూ ఉన్నాయి, వాళ్లు ఈ ప్రశ్నలకి చిరాకుపడరు.

ఇక ప్రభుత్వం గురించి నీ కోపం. న్యాయమైన కోపమమ్మా అది, నాకూ ఉంది. రాజ్యాంగంలో 47వ అధికరణం ప్రజల ఆరోగ్యం పెంచడం, మత్తు పానీయాల్ని మాన్పించే ప్రయత్నం చెయ్యడం ప్రభుత్వం బాధ్యత అని చెప్తోంది. మద్యం మీద అధికారం రాష్ట్రానిది, దాని రాబడీ రాష్ట్రానిదే, అందుకే 1993లో సారా, 1995లో మొత్తం మద్యం ఆగినా 1997లో నిషేధం ఎత్తేశారు, ఆ తర్వాత ప్రభుత్వాలు మారినప్పుడల్లా షాపులు ఎవరు నడపాలన్నదే మారింది, 2024 అక్టోబరు నుంచి మళ్లీ ప్రైవేటువాళ్లు నడుపుతున్నారు, 99 రూపాయల క్వార్టర్ వచ్చింది. మత్తు మాన్పించే ప్రచారమేమో కేంద్రంలో సామాజిక న్యాయ శాఖది, 2020 ఆగస్టు 15న నషా ముక్త్ భారత్ అని మొదలుపెట్టారు. పురుగుమందులు కేంద్ర వ్యవసాయ శాఖ చేతిలో ఉన్నాయి, రాష్ట్రం తనంతట తాను ఒక మందుని ఆపాలంటే 1968 నాటి చట్టం 60 రోజులే ఇస్తుంది, పొడిగిస్తే ఇంకో 30. ఆసుపత్రి పడక ఆరోగ్య శాఖది. మీ ఇంట్లో ఒక్క గదిలో కలిసిన మూడు మందులూ అమరావతిలోగానీ ఢిల్లీలోగానీ ఒక్క బల్ల మీదికి రావు. 2019లో ఎయిమ్స్ వాళ్లు బయటపెట్టిన జాతీయ సర్వేలో మద్యానికి బానిసైనవాళ్లలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందిందని తేలింది. నాకు ఎక్కువ బాధనిపించేది అదే, అమ్మడానికి ఊరూరా దారి ఉంది, మాన్పించడానికి జిల్లా కేంద్రం దాకా బస్సెక్కాలి. మీ ఊరి ఆరోగ్య కేంద్రంలో కూడా ఈ వైద్యం కావాలని డ్వాక్రా మీటింగులో లేవనెత్తండి, ఆశా కార్యకర్తతో రాయించండి, బెల్టు షాపు మీద ఎక్సైజ్ స్టేషన్లో పదిమంది సంతకాలతో ఫిర్యాదు ఇవ్వండి. బాబుని ఎప్పుడైనా సీసా కోసం పంపిస్తుంటే అది ఈరోజే ఆపు, పిల్లాడితో మద్యం మోయించడం బాలల న్యాయ చట్టం కింద పెద్ద నేరం.

చెయ్యి చేసుకున్నాడన్న విషయం నేను మర్చిపోలేదు. తాగుడు జబ్బే, నీమీద చెయ్యెత్తడం మాత్రం జబ్బులో భాగమని నువ్వు ఓర్చుకోనక్కర్లేదు. తాగి వచ్చి గొడవ మొదలెట్టిన రాత్రి వాదించకు, పిల్లల్ని తీసుకుని వెళ్లడానికి ఒక ఇల్లు ముందే మాట్లాడి పెట్టుకో, ఆధార్, పాప సర్టిఫికెట్లు, కొంచెం డబ్బు అక్కడే ఉంచు. 181 మహిళల కోసం ఉన్న నంబరు, ప్రాణభయం అయితే 112. ఇది ఆయన్ని వదిలెయ్యమని చెప్పడం కాదు, ఆయన బాగుపడేదాకా మీరు ముగ్గురూ క్షేమంగా ఉండాలి కదా.

ఆయనతో మాట్లాడేది మాత్రం పొద్దున్నే, వణుకు తగ్గడానికి కాస్త పడి, ఇంకా మత్తు ఎక్కని ఆ అరగంటలో. పాప కాలేజీ ఫీజు, పోయిన ఏడాది అప్పు, ఊళ్లో పరువు, ఇవేవీ ఎత్తకు, అవన్నీ ఆయనకి నీకంటే ఎక్కువ తెలుసు. చేతులకేసి చూపించి, "ఈ వణుక్కి గుంటూరులో వైద్యం ఉందట, సోమవారం నేనూ వస్తాను" అని మాత్రం అను. కాదంటే ఆ రోజుకి వదిలేసి మూడు రోజుల తర్వాత మళ్లీ అడుగు. చాలామంది మొదటిసారి కాదనే అంటారు, మా వార్డులో చేరినవాళ్లలో నాలుగోసారో ఐదోసారో అడిగితే వచ్చినవాళ్లు బోలెడుమంది. ఆ పొడి పొట్లం కూడా పారేయకుండా ఓపీకి తీసుకెళ్లి డాక్టరుకి చూపించు. డబ్బాలు ఎక్కడ పెట్టించావో రెండు ముక్కలు రాయి, నేను చూస్తుంటాను.